వెనకనుంచి పిలవని పేరు

ముందు మంచి కబురు: నా థీసిస్ పాసైంది! మా వంశంలో మొదట కాలేజీ గడప తొక్కిందే నేను, ఇప్పుడు ఏకంగా మాస్టర్స్. అమ్మ, అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో కనబడ్డ తెలుగువాళ్ళందరికీ లడ్డూలు పంచేసింది.

దయ్యాలూ మంత్రాలూ నేను చదువుకునే విషయాలే గానీ నమ్మేవి కావు. ఇప్పటికీ నమ్మనంటాను. ఇది చదివాక మీరేమంటారో చూద్దాం.

నా సబ్జెక్ట్ చైనాలోని పాత తావో మతపు మంత్రగ్రంథాలు. సైనికుడు శత్రువు కంట పడకుండా చేసే తంతు వాటిలో ఒకటుంది. ముందు శకునం చూడాలి. తర్వాత నేలమీద కత్తితో ఆరు గీతలు గీసి, మధ్యలోంచి గుప్పెడు మట్టి తీసుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోవాలి.

మా తమ్ముడు కార్తీక్ ఇక్కడి ఆర్మీలో చేరాడు. మొదటిసారి డ్యూటీ మీద విదేశం వెళ్ళే రోజు అమ్మ ఒకటే ఏడుపు. ఆమెని నవ్వించడానికి వాడు, "అక్కా, నీ చైనీస్ మ్యాజిక్ ఏదో నామీద ట్రై చెయ్యవే" అన్నాడు.

రెండు నాణేలు విసిరితే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడింది. మంచి శకునం. వంటింటి చాకుతో బ్యాక్‌యార్డ్‌లో గీతలు గీశాను. వాడు మట్టి జేబులో వేసుకుని కారెక్కాడు. బయల్దేరినవాళ్ళని మా ఇంట్లో వెనకనుంచి పిలవరు. ఆ రోజూ ఎవరూ పిలవలేదు.

కొన్ని నెలలకి వాళ్ళ క్యాంప్ మీద దాడి జరిగింది. తుపాకీ పట్టుకున్నవాడొకడు గదిలోకొచ్చి, నేరుగా కార్తీక్ మొహంలోకి చూసి, ఖాళీ గదే అన్నట్టు వెళ్ళిపోయాడట.

"తర్వాత మావాళ్ళూ అలానే దాటుకుంటూ పోయారక్కా," అన్నాడు ఫోన్‌లో. "ఎటునుంచో వచ్చిన బుల్లెట్ తగిలి కాల్లోంచి బ్లడ్ పోతోంది. అరిచేదాకా ఎవ్వరూ చూడలేదు."

అప్పటికి నేను అనువదించింది ఆ తంతులో మొదటి సగమే. కూర్చుని మిగతాది చదివాను. వెళ్ళిపోతున్న మనిషిని ఎవరైనా వెనకనుంచి పేరుపెట్టి పిలిచి, అతను తిరిగి చూస్తే రక్ష తొలగిపోతుందని ఉంది.

కాలు నయమయ్యాక, నా గ్రాడ్యుయేషన్‌కి వచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ వాడి భుజం పక్కనుంచి తొంగిచూస్తూ, "వాడేడే? దిగాడన్నావుగా?" అంది.

వాడు ఆమె ఎదురుగానే ఉన్నాడు. "అమ్మా" అన్నాక ఉలిక్కిపడి కౌగిలించుకుంది. కళ్ళజోడు మార్చాలంది. కళ్ళ డాక్టరేమో చూపు బాగానే ఉందన్నాడు. ఆ వారమంతా భోజనానికి రెండే కంచాలు పెట్టేది. వాడు మాట్లాడితేనే మూడోది. దుకాణాల్లో వాటంతటవే తెరుచుకునే తలుపులు, వెనక నేను వచ్చేదాకా వాడికి తెరుచుకోలేదు.

ఉన్నదంతా వాడికి చెప్పేశాను. "ఇంకొక్కసారి వెళ్ళాలక్కా. అదయ్యాక పిలువు."

నిన్న బయల్దేరాడు. పేరు నా గొంతుదాకా వచ్చింది. పిలిస్తే అమ్మకి కనబడతాడు. అక్కడి శత్రువులకీ కనబడతాడు. పెదవి కొరుక్కుని నిలబడ్డాను. ఇదంతా ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టదు.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నావైపు తిరిగింది. "వెళ్ళిపోయాడా?"

వాడింకా గుమ్మంలోనే, ఆమె చెయ్యి అందేంత దూరంలో, బూట్లు వేసుకుంటున్నాడు.