దుమ్ము పట్టని స్పీకర్

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టి, మంచం పక్కనున్న గోడకు అరచెయ్యి ఆనించింది.

"మొదలువెట్టిండు," అన్నది.

ఆ గోడకు అవతలి గదిలో నా భర్త బేస్ గిటారుకు వాడిన ఆంప్లిఫయరు, దాని కింద నడుమెత్తు స్పీకర్ డబ్బా ఉన్నాయి. రెండింటి మీదా దుప్పటి కప్పి ఉంది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి పెట్టింది నేనే. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు.

అత్తమ్మకు చెవులు వినబడవు. ముప్పై ఏళ్లు మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచాల మోతలో బతికినవాళ్లకు చెవులు పోతాయి కానీ వేరే తెలివి వస్తుంది. పెదవులు చూసి మాట పట్టుకుంటారు. గోడకు చెయ్యి పెట్టి అవతల ఎన్ని సాంచాలు నడుస్తున్నాయో, ఏది ఆగిందో చెబుతారు. ఇందులో వింత లేదు, మా వాడలో ఎవరిని అడిగినా చెబుతారు. కొడుకు గొంతు ఆమె విని ఎన్నో ఏళ్లయింది. బేస్ గిటారు అదురు మాత్రం గోడలోంచి ఆమెకు అందేది. ఆయన డబ్బాను ఆ గోడకే ఆనించి పెట్టింది అందుకే.

ఆయన కరీంనగర్‌లో ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. పెళ్లిళ్లు, వినాయక మండపాలు. జమ్మికుంట, హుస్నాబాద్, ఒక్కోసారి ఆదిలాబాద్ దాకా. ఆరున్నరకు వ్యాను వచ్చేది. అంతకుముందు, ఐదు నలభైకి కూర్చుని, వేళ్లు వేడెక్కే దాకా అవే నాలుగు స్వరాలు వాయించేవాడు. ఆ సేపంతా ఆమె చెయ్యి గోడ మీద ఉండేది. గుండె ఆగిపోయిన రోజు కూడా వాయించే వెళ్లాడు.

ఆయన పోయాక మొదటిసారి ఆమె ఆ మాట అన్నప్పుడు అలవాటు అనుకున్నాను. పదో రోజుకు పక్కింటి అదురేమో అనుకున్నాను. కానీ పక్కింటివాళ్లు సాంచాలు అమ్మేసి ఏడాది దాటింది. ఫ్రిజ్ ఆపి చూశాను. ఫ్యాన్లు ఆపి చూశాను. ఆమె చెయ్యి తీయలేదు. ఆ తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రోజూ ఐదున్నరకు నీళ్ల మోటారు వేయడం మొదలుపెట్టాను. ట్యాంకు నిండి నీళ్లు సందులోకి కారినా ఆరింటిదాకా ఆపేదాన్ని కాదు. మోటారు నడిస్తే ఇంటి గోడలన్నీ కొంచెం అదురుతాయి. అదురుకు ఒక కారణం ఉంటుంది. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆ గోడను ముట్టుకుని చూడలేదు.

"మోటరు గాదు బిడ్డా," అనేది అత్తమ్మ, నేను అడగకముందే. "మోటరు వేరే, వీడు వేరే."

ఆ డబ్బా ఇంట్లోంచి పోతే ఇది కూడా పోతుందని అనిపించింది. అమ్మాలనుకున్నాను. కానీ అమ్మితే, చెవులు లేని మనిషికి మిగిలిన ఒక్క చప్పుడును నేను అమ్మినట్టవుతుంది. అమ్మకపోతే ఆ గది తలుపు ముందు నుంచి నేను నడవలేను. అప్పట్లో పెరటి దారిలోంచే వంటింట్లోకి పోయేదాన్ని.

ఆయన ఫోన్లో వాయిద్యాలవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. అందులో ఫొటోలు పెట్టి, నలభై ఐదు వేలు అని రాశాను. ఆరేళ్ల కిందట ఆయన మంచిర్యాలలో దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ధర అది. హుస్నాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"అక్కా, గా పైసలకు కొత్తదొస్తది. మీదికెళ్లి షాపోడు చాయ్ గూడ తాపుతడు."

ధర తెలియక పెట్టలేదు. ఎవరూ కొనని ధర పెడితే, అమ్మకపోవడం నా నిర్ణయం కాకుండా పోతుందని పెట్టాను. అది తెలిసి కూడా మూడు వారాలు అలాగే ఉంచాను. ఒక రోజు కిటికీలోంచి చూస్తే దుప్పటి అంచు కొంచెం జరిగినట్టు కనిపించింది. జరగలేదేమో. ఆ రాత్రే ముప్పై అని మార్చాను.

ఆదివారం పదకొండింటికి చెన్నూరు నుంచి ఒకతను వచ్చాడు. పాతికేళ్లుంటాయి. ఒకట్రెండు సార్లు ఆయన పక్కన వాయించాడట.

"వదినా, జర లైటెయ్యుండ్రి," అన్నాడు. తలుపు తీసి నేను గడప దగ్గరే నిలబడ్డాను.

దుప్పటి తీశాడు. ఆంప్లిఫయరు మీటల పక్కన ఎర్రటి చుక్కలు చూసి నవ్వాడు. అవి నా బొట్టుబిళ్లలు. ఏ మీట ఎంతవరకు తిప్పాలో గుర్తుకు ఆయన అంటించుకున్నవి.

"అన్న గీ సెట్టింగ్ ఎవ్వలకు చెప్పకపోతుండె. అడిగితే, మీ వదినెను అడుగు, ఆమెకే ఎరుక అంటుండె."

"నాకు తెలియదు," అన్నాను.

"గిప్పుడెరుకైందిగా."

డబ్బా ముందున్న జాలీ మరలు విప్పాడు. లోపలి కాగితపు గిన్నె మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా లోపలికి నొక్కి, చెవి పెట్టి విన్నాడు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. లోపలి చుట్ట కాలి ఉంటే వాసన వస్తుందట. తరువాత ఫోన్ లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఎవరన్న వాడుతున్నరా వదినా?"

"లేదు. నాలుగు నెలలైంది."

"జాలీ మీద దుమ్మున్నది. డబ్బ మీదున్నది. గీ కాగితం మీద లేదు." వేలితో తుడిచి నాకు చూపించాడు. వేలికి ఏమీ అంటలేదు. "మోగేటి స్పీకర్ మీద దుమ్ము నిలువది. ఆగినదాని మీద నిలువాలె."

  జాలీ మళ్లీ బిగిస్తూ, "మంచిగనే ఉన్నది. నేను ఇరవై రెండు అడుగుదామని వచ్చిన. గిట్లుంటే తక్కువ అడుగబుద్ధైతలేదు," అన్నాడు. నాలుగు నెలలు నన్ను భయపెట్టినదానికే అతను ధర పెంచాడు.

తాను తెచ్చుకున్న గిటారు కలిపి వాయించి చూస్తానన్నాడు. నేను అత్తమ్మ గదిలోకి వెళ్లాను. గోడ వణికింది, మంచం కోళ్ల కింద నేల కూడా. అత్తమ్మ నిద్ర లేచి అరచెయ్యి గోడకు పెట్టింది. ఆమె ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. అరనిమిషం కూడా కాలేదు, చెయ్యి తీసేసింది.

"గీ పొల్లగాడెవడు? ఉరుకుతుండు."

"కొనడానికి వచ్చాడు అత్తమ్మా."

"వాని వెనుక కుక్కలు వడ్డయా? నా కొడుకు ఆగి కొడుతుండె. ఆగుడే ఎక్కువ."

ఇన్నాళ్లు అడగలేనిది అప్పుడు అడిగాను. పెదవులు స్పష్టంగా కదిపి, "అమ్మేయాలా?" అన్నాను.

"అమ్ము. నడిపిచ్చెటోని చేతిల వడాలె. ఊకె నిలవెడితే సాంచ గూడ జంగు వడ్తది."

"మరి సాయంత్రం?"

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "సాయంత్రం సంగతి నీకెందుకు? గదంత నేను, వాడు సూసుకుంటం."

ఇరవై ఆరుకు ఇచ్చాను. బొట్టుబిళ్లలు పీకి ఇస్తానంటే అతను వద్దన్నాడు. "ఉండనియ్యుండ్రి వదినా. అన్న లెక్క మోగకపోయినా, అన్నకాడికెళ్లి తెచ్చినట్లన్న ఉంటది." స్నేహితుడితో కలిసి రెండింటినీ మోసి వ్యానులో ఎక్కించాడు. గదిలో నేల మీద డబ్బా ఉన్నంత మేర రంగు వేరుగా కనిపించింది. తడిగుడ్డ పెట్టి తుడిచినా పోలేదు.

ఆ సాయంత్రం ఐదున్నరకు నా చెయ్యి అలవాటుగా మోటారు స్విచ్చు మీదికి పోయింది. వేయలేదు. డబ్బా లేదు, కాబట్టి ఇక అవసరం లేదని నాకు నేను చెప్పుకున్నాను. టీ పెట్టి అత్తమ్మకు ఇచ్చి, మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నాను. ఐదు నలభైకి ఆమె గ్లాసు కింద పెట్టింది. గోడకు అరచెయ్యి ఆనించింది. చాలాసేపు కదల్లేదు. ఏమీ లేదేమో, నేను చెయ్యకూడని పని చేశానేమో అనుకున్నాను. అప్పుడు ఆమె నా వైపు తిరగకుండానే నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించి, పైన తన చెయ్యి పెట్టింది.

సున్నం చల్లగా ఉంది. నాలుగు స్వరాలు తెలిశాయని రాయను. అది తెలిసేంత సంగీతం నాకు రాదు. గోడ అదిరి, ఆగి, మళ్లీ అదిరింది. ఆగిందే ఎక్కువ.

మేం నీళ్లు ఇప్పుడు పొద్దున పట్టుకుంటున్నాం. సాయంత్రం మోటారు వేయడం మానేశాను.