బావ నోట్లో రైళ్ళు

మా బావ వంకర పళ్ళు సరిచేసే డాక్టరు. రోగి పళ్ళకు ఏది తొడగాలన్నా, అలాంటిదే తన కొలతకు ఒకటి చేయించి ముందు తను తొడుక్కుంటాడు. ఒకప్పుడు చక్కగా ఉన్న ఆయన పలువరుస దీంతో నెలకో దిక్కు తిరుగుతుంది. పెళ్ళి ఫొటోలో ఉన్నది ఆయనేనని అక్క చుట్టాలను ఒప్పించాల్సి వస్తోంది.

క్లినిక్ వెనక గదిలో ఆ తొడుగులు చేసేది నేను. స్కానర్ నోరంతా చూసి బొమ్మ గీస్తుంది. ఏ పన్ను ఎటు జరగాలో కంప్యూటరు చెబుతుంది. ప్రింటరు అచ్చు తీస్తుంది. దాని మీద, పళ్ళకు తొడిగినా పైకి కనబడని పల్చని ప్లాస్టిక్‌ను వేడి చేసి దించుతాను. చిగుళ్ళ తడిని పరీక్షించి, ఎవరి ఎముక ఎంత త్వరగా దారికొస్తుందో ముందే కనిపెట్టాలని బావ పరిశోధన. ఒకరి ఎముక మైనం, ఒకరిది మేకు దిగని గోడ అంటాడు. ఏ ఇద్దరి నోరూ ఒకటి కాదని సభల్లో గొంతు పోయేదాకా చెబుతాడు.

"మరి నీ నోట్లో పెట్టుకుంటే వాళ్ళ సంగతేం తెలుస్తుంది బావా?" అని అడిగాను.

"పెద్దగా తెలీదు," అన్నాడు. తొడుగు అడ్డం పడి అంతకన్నా చెప్పలేకపోయాడు.

అలా ఉండగా రైల్వే స్టేషన్లో మైకులో రాకపోకలు చెప్పే ఆవిడ వచ్చింది. పైపళ్ళు, కిందిపళ్ళు కలవక దవడ నొప్పి. తొడుగు రోజంతా ఉండాలి. ఉద్యోగమా, ఇంకా ఖాయం కాలేదు. పై అధికారి వచ్చి విన్నప్పుడు మాట ముద్దగా ఉంటే ఇంటికి పొమ్మంటారు. నొప్పి భరిస్తాను గానీ వైద్యం వద్దని లేచింది. బావ ఆవిడ చదివే కాగితం ఒకటి అడిగి పుచ్చుకున్నాడు.

ఆవిడకు పెట్టాల్సిన లాంటి తొడుగే పెట్టుకుని ఆ కాగితం చదవసాగాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రైళ్ళు నడిచాయి. ఉప్పు అందించమంటే మూడో నంబరు ప్లాట్‌ఫారం అనేవాడు. స్నానాల గదిలోంచి ఆలస్యానికి చింతిస్తున్నామనేవాడు. పక్కింటాయన నిజంగానే బండి టైము కనుక్కోవడానికి వచ్చాడు.

"ఏవండీ, ఆ బండేదో తొందరగా రమ్మనండి. ఎక్కి మా అమ్మ దగ్గరికి పోతాను," అంది అక్క.

బావ 'స' అన్నప్పుడల్లా గాలి జారుతోంది. తొడుగులో ముందుపళ్ళ వెనక కంప్యూటరు పెట్టమన్న గట్టు వల్ల అది. గట్టు తీసేస్తే వైద్యం ఇంకొన్ని నెలలు సాగుతుందంది కంప్యూటరు. సాగనీ అన్నాడు బావ. నేను మళ్ళీ అచ్చు తీశాను.

ఆవిడను పిలిపించి, కొత్త తొడుగు పెట్టి చదివించాడు. రెండో మాటకే తడబడి ఆగిపోయింది.

"నాకూ ఇక్కడే తడబడిందమ్మా. ఇంట్లో అందరూ నవ్వారు. రెండ్రోజులు పోతే నాలుకే దారి చూసుకుంటుంది. రాత్రికి ఎడమ పక్క కాస్త సలుపుతుంది, కంగారు పడకండి."

"మీకెలా తెలుసు?"

బావ నోరు తెరిచి చూపించాడు. ఆవిడ తొంగి చూసి, కూర్చుని, కాగితం మొదటినుంచి అందుకుంది. ఆయన ఆ కంగాళీ పలువరుస ఎందుకు మోస్తున్నాడో నాకప్పుడు తెలిసింది.

అధికారి వచ్చి విన్నాడట. ఉద్యోగం ఖాయం చేశాడట. వెళ్తూ వెళ్తూ, గొంతు బావుంది గానీ ఆ పళ్ళకేదైనా వైద్యం చేయించుకోకూడదా అమ్మా అని సలహా కూడా ఇచ్చాడట.

"తప్పకుండా సార్," అందట ఆవిడ, తొడుగుతోనే.