పూజలోంచి తీసిన స్పానర్

తగరపువలస దాటి క్యాంపు గేటు దగ్గర దిగేసరికి హోరున వాన. కిట్ బ్యాగు తడిసింది, బూట్లలో నీళ్లు. ఏళ్ల తరబడి మంచులో, ఇసుకలో తిప్పిన సైన్యం చివరి పోస్టింగు మా గోపాలపట్నానికి గంట ప్రయాణం దూరంలో ఇచ్చింది. నాకు అప్పగించింది అంబులెన్సు నడిపే పని.

ఆయుధపూజ నాడు క్యాంపు మెకానిక్ తన స్పానర్లన్నిటికీ బొట్లు పెట్టి అమ్మవారి ముందు పేర్చాడు. మర్నాటి దాకా ఎవరూ ముట్టకూడదు. ఆ మెకానిక్ ఎలమంచిలివాడు. మొదటి రోజునుంచే నన్ను బావా అనేవాడు. బండికీ బొట్టు పెడదామని బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయమన్నాడు. నాకు అంతా బాగానే వినబడింది. వాడు మొహం చిట్లించాడు.

"ఇంజన్ని తిప్పే టైమింగ్ బెల్టు అరిగిపోనాది బావా. మార్చాల్సిన కిలోమీటర్లు ఎప్పుడో దాటీసింది."

సుబేదార్ వచ్చారు. గేటు సెంట్రీ భార్యకు నెలలు నిండాయి. వానలింకా తగ్గక రెండో బండి వరద పనికి వెళ్లింది. "ఇప్పుడు ఇంజన్ విప్పితే మూడు గంటలు బండి లేనట్టే. ఈలోగా నొప్పులొస్తే?"

"దారిలో తెగితే ఏటి సేత్తాం సాబ్? ఇంజను ముక్కలైపోద్ది."

"నడిపేది నువ్వు. నువ్వే చెప్పు," అన్నారు సుబేదార్ నాతో.

"విప్పమనండి సాబ్," అన్నాను.

మెకానిక్ పటం ముందు కూర్చుని స్పానర్ తీసి కళ్లకద్దుకున్నాడు. "అమ్మా, కోప్పడకు. నాను సేత్తన్నది నీ పనే."

ఇంజన్ సగం విప్పి ఉండగా వైర్‌లెస్ పలికింది. "నొప్పులు మొదలయ్యాయి. బండి పంపండి."

"ఆగమను బావా," అన్నాడు వాడు తలెత్తకుండానే. ఆ రెండు గంటలూ నాకు యుద్ధమే. పాత బెల్టును చేత్తో వంచి చూశాను. పళ్లు ఊడి అరచేతిలో పడ్డాయి.

కొత్త బెల్టుతో, క్వార్టర్స్ దగ్గర సెంట్రీనీ అతని భార్యనీ ఎక్కించుకుని బయల్దేరాం. మెకానిక్ నా పక్కనే కూర్చున్నాడు. హైవే మీద నీళ్లు. మా ముందు రెండు కార్లు ఆగిపోయాయి. మా ఇంజన్ ఒక్కసారి కూడా తడబడలేదు. ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు.

ఆర్నెల్లకు రిటైరై ఇంటికొచ్చాను. ఇప్పుడు నా కారు బెల్టు గడువుకి ముందే మార్పిస్తుంటే వీధిలో కుర్రాళ్లు, "బాగానే నడుస్తున్న కారుకి రిపేరు దేనికి బాబాయ్?" అని నవ్వుతారు. నవ్వనీ. నేను చూసింది వాళ్లు చూడలేదు.

ఆ రోజు ఆసుపత్రి వరండాలోకి సెంట్రీ బిడ్డను తెచ్చి మెకానిక్‌కి ఇవ్వబోయాడు. వాడు గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని, "వద్దన్నా, మసి అంటుద్ది," అన్నాడు. లోపల మంచం మీంచి ఆ తల్లి, "ఆ చేతులకే ఇవ్వండి," అంది. అంత మొనగాడూ చేతులు రెండుసార్లు చొక్కాకి తుడుచుకుని చాచాడు.