ఆచారి వద్దన్న వార్నిష్

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఇంక నావల్ల కాదు. మా నగరి ఊళ్ళో మునస్వామి ఆచారి అని ఒక వడ్రంగి. ఆయన పని చెడ్డదని ఊరంతా నమ్మింది. నమ్మించింది నేను.

మాది అంగళ్ళవాళ్ళ ఇల్లు. కొత్తిమీర కట్టకు కొసరుగా రెండు రెబ్బలు కరివేపాకు రాలకపోతే నాకు ఆ పూట తిండి సయించదు. ఈ గొప్పతనం చూసే నాటకాల సంఘం వాళ్ళు చెక్క స్టేజీ బాగుచేయించే పని నాకు అప్పగించినారు. పలకలు అరిగి, మేకులు పైకి తేలి, ఆడేవాళ్ళ పాదాలు చీరుకుపోతున్నాయి.

ఆచారి ఒక పలక లేపి చూసినాడు.

“తిరగేద్దామప్పా. అడుగుపక్క కొత్తగానే ఉండాది. కొత్త చెక్క కొనే పనే లేదు. నూనె పట్టిస్తే సాలు.”

“ఎన్ని దినాలు?”

“పది.”

“పది దినాలా! స్టేజీ బాగుచేస్తావా, ఈడే కాపురం పెడతావా? మేకులు దిగ్గొట్టి, పైపైన రుద్ది వార్నిష్ కొట్టు. అద్దం మాదిరి మొగం కనపడాల.”

“జారతాదప్పా. సెమట కాళ్ళతో ఎగిరేవోళ్ళు.”

“కూలి పెంచుకునే మాటలు నా దగ్గరొద్దు. చెప్పింది చెయ్యి.”

చేసినాడు. రెండు దినాల్లో ముగిసింది. సంఘం వాళ్ళు నాకు శాలువ కప్పినారు. కప్పించుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ వారమే భీముడి వేషం కట్టినాయన గద ఎత్తి గిరుక్కున తిరిగినాడు. కాలు జారింది. మోకాటి చిప్ప పగిలింది. మళ్ళీ గజ్జె కట్టలేదు. జనం నావైపు తిరిగేలోపే నా నోరు లేచింది: “వార్నిష్ వద్దని ఆచారికి చిలక్కి చెప్పినట్టు చెప్పినానే!”

ఆచారి అక్కడే ఉన్నాడు. నన్ను చూసినాడు. తుండు భుజాన వేసుకొని బయటికి నడిచినాడు. కాదన్నా వినేదెవరు? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, “నిజమేనా ఆచారీ” అని అడగలేదే! అంగడివాడి మాటకు అంత విలువా? ఉలి పట్టినవాడికి నోరే లేదా? ఇట్లా ఊరి మీద మండిపడుతూ, ఆ మంటలో నా అబద్ధాన్ని నాకే కనపడకుండా చేసుకుంటూ, ఇన్నేళ్ళు నెట్టుకొచ్చినాను. ఊరు అడగలేదు సరే, నేను చెప్పొద్దా?

పిలిచేవాళ్ళు లేక ఆయన ఇప్పుడు బంగారుపాళ్యంలో మామిడికాయల పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. తలుపుల మీద లతలు చెక్కిన చేతులు! పోయిన వేసవిలో ఎదురుపడితే, “బాగుండావా అప్పా” అని ఆయనే అడిగినాడు. బస్సుకు టైమయిందన్నాను.

మీరు “పోనీలే” అనొద్దు. క్షమాపణకు నేను బేరమాడను. వార్నిష్ కొట్టమన్నది నేను. వద్దన్నది మునస్వామి ఆచారి. రాసేసినాను. ఊపిరి కాస్త ఆడుతోంది.