రాళ్లు నమిలే మోటారు

మెహనాజ్ మట్టెవాడ పిల్ల. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. తండ్రి ఫకీర్ మహమ్మద్ ఊళ్లు తిరిగి వ్యవసాయ మోటార్లు బాగుచేస్తాడు.

మొదటి ఇంటర్వ్యూలో కోడింగ్ వచ్చా అని అడిగారు. రెండోచోట, "షాప్ ఫ్లోర్‌లో అందరూ మగవాళ్లే, ఉండగలవా?" అన్న ఒక్క ప్రశ్నతో పంపేశారు. మూడోచోట మాత్రం సబ్జెక్టే అడిగారు. పంపులో కావిటేషన్ అంటే ఏమిటన్నారు. ఒత్తిడి తగ్గినచోట నీరు ఆవిరి బుడగలవుతుందనీ, ఆ బుడగలు పగిలి లోపల తిరిగే చక్రాన్ని తినేస్తాయనీ గడగడా అప్పజెప్పింది.

"ఆ చప్పుడు ఎప్పుడైనా విన్నావా?" అన్నాడు బోర్డులోని పెద్దాయన.

"లేదు సార్."

"నాన్నగారు ఏం చేస్తారు?"

"మోటార్లు రిపేర్ చేస్తరు సార్."

ఆయన ఇంకేమీ అడగకుండా ఫైలు తిరిగిచ్చాడు. ఏదైనా అనివుంటే బాగుండేది. ఇంటికి తిరిగొస్తుంటే కాజీపేట దాకా రైల్లో ఆ మౌనమే ఆమెను పొడిచింది. నాలుగేళ్లలో ఒక్కసారైనా తండ్రి పనిచేసే చోటికి ఎందుకు వెళ్లలేదు? అడ్డుచెప్పినవాళ్లు ఎవరూ లేరు. తనకే అది చదువుగా కనిపించలేదు.

"అబ్బా, రేపు నీతోని నేను గూడ వస్త," అంది తండ్రితో.

"ఎండల నీకెందుకు బిడ్డా? ఇందుకేనా నిన్ను చదివిపిచ్చింది?"

"చదివింది చూద్దామనే."

మర్నాడు రఘునాథపల్లిలో రాయమల్లు అనే రైతు బావి దగ్గరికి వెళ్లారు. "ఫకీరన్నా, నీళ్లు సగమే పోస్తాంది. పొలం పొట్టకొచ్చింది," అన్నాడు రాయమల్లు. మోటారు వేస్తే పంపు కంకర రాళ్లు నములుతున్నట్టు మోగింది.

"ఇగో, చెయ్యి జర ఆనిచ్చి చూడు," అన్నాడు తండ్రి.

అరచెయ్యి జివ్వుమంది. "ఇది కావిటేషన్ అబ్బా!"

"పేరేదైతే ఏంది? దానికి నీళ్లు మింగుడు పడ్తలేదు. ఎందుకంటవ్?"

ఆమె పైపు వెంట బావిలోకి చూసింది. "కింద ఏమన్న అడ్డం పడ్డదా?"

"తీపిచ్చి చూద్దాం పా."

పైపు అడుగున జల్లెడ నిండా నాచు. కడిగి బిగించాక పంపు నిమ్మళంగా తిరిగింది. కొత్త పంపు కొనమని తండ్రి రాయమల్లుకు చెప్పలేదు. "ఈ పంటకు నడుస్తది, ఫికర్ చెయ్యకు," అన్నాడంతే.

ఆ ఎండాకాలమంతా తండ్రి బండి వెనక కూర్చుని ఆమె కూడా ఊళ్లు తిరిగింది.

నాలుగో ఇంటర్వ్యూ హైదరాబాద్ అవతల పంపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో. మేనేజర్ రమాకాంత్ విప్పిన పంపొకటి బల్లమీద పెట్టి, ఏమైందో చెప్పమన్నాడు. మెహనాజ్ చున్నీ కొంగు నడుముకు చుట్టుకుని బేరింగు తిప్పి చూసింది. ఒకచోట వేలికి గరుకు తగిలింది. "బేరింగ్ పోయింది సార్. ఎందుకు పోయిందో మాత్రం నడిపితే గాని చెప్పలేను."

"చూడకుండానే చెప్పేవాళ్లను పొద్దుటి నుంచి ఆరుగురిని చూశాను," అన్నాడాయన.

ఆరు నెలల ట్రైనీగా తీసుకున్నారు. విని తండ్రి ఆ పూట పనికి పోకుండా, ఆమె హాస్టలుకు కావలసిన బకెట్టూ పరుపూ తనే వెళ్లి కొనుక్కొచ్చాడు.

మొదటిరోజు స్టోర్సులో ఉన్న సేఫ్టీ బూట్లలో అతిచిన్న సైజు ఏడు. మెహనాజ్‌ది నాలుగు. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, లేసులు బిగించి, పంపుల్ని పరీక్షించే షెడ్డులోకి నడిచింది.