రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య

మొదట నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. మనుషులు లిఫ్టులో ఇరుక్కోకుండా చూడడం నా ఉద్యోగం. అలాంటి నేను లిఫ్టులో ఇరుక్కున్నాను. అదీ, ఇరుక్కున్నవాళ్లను బయటపడేసే బ్యాటరీలను వెంటబెట్టుకుని మరీ.

కరోనాకు ముందు ఏడాది, ఏప్రిల్ నెల. ఎల్బీనగర్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు సర్వీసింగ్‌కు వెళ్లాను. అప్పటికే చాలా ఏళ్లుగా లిఫ్ట్ మెకానిక్‌ని. ఊరందరినీ పైకి చేరుస్తూ నేను మాత్రం పైకి రాలేదని మా ఆవిడ అభిప్రాయం. ఆ రోజు చూడవలసింది ఏఆర్‌డీ. కరెంటు పోయినప్పుడు బ్యాటరీలతో లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే పరికరం అది. బ్యాటరీలు పాతబడ్డాయి. టెర్రస్ మీది మెషిన్ రూములో వాటిని విప్పాను. నా ఫోన్ అక్కడే చార్జింగుకు పెట్టాను. ఇంత బరువు మెట్ల మీదుగా కిందికి మోయడమెందుకని లిఫ్టెక్కాను. మూడో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. మధ్యతరగతి మనిషిని కదా, మధ్యలోనే ఆగాను.

మొదటి ఐదు నిమిషాలు నాలో నేనే నవ్వుకున్నాను. పదో నిమిషానికి చొక్కా తడిసింది. ఎమర్జెన్సీ లైటు కూడా ఆరిపోయింది. ఇన్నేళ్లు బయటి నుంచి తెరిచిన పెట్టె లోపలి నుంచి ఇంత ఇరుకని నాకు తెలియదు. ఊపిరాడలేదు. అలారం బెల్ నొక్కి నొక్కి, చివరికి రెండు చేతులతో తలుపు లాగాను. దాని వెనక రెండో అంతస్తు తలుపు లాక్ ఎక్కడుంటుందో తెలిసినవాణ్ణి కాబట్టి అదీ తెరుచుకుంది. నా కాళ్ల దగ్గర మోకాలెత్తు సందు, అందులోంచి కింద వరండా కనిపించాయి.

బోర్లా పడుకుని కాళ్లు బయటపెట్టాను. ఇది చేయకూడదని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. లిఫ్టు అడుగున కింది దాకా ఖాళీ గొయ్యి ఉంటుంది. జారేటప్పుడు ఒళ్లు కొంచెం లోపలికి ఊగిందంటే మనిషి వరండాలో కాదు, గొయ్యిలో పడతాడు. ఆ పాఠం చెప్పిన పంతులే నడుము దాకా జారాడు.

అప్పుడు మడమ మీద చీపురుదెబ్బ పడింది.

"ఎవడ్రా నువ్వు? కాళ్లు లోపలికి గుంజు!"

"అమ్మా, నేను మెకానిక్‌ని..."

"మెకానిక్‌వైతే కింద గంత బొంద కనబడ్తలేదా? గుంజు ముందుగాల!"

గొయ్యి కంటే చీపురు దగ్గరగా ఉంది కాబట్టి కాళ్లు వాటంతటవే లోపలికొచ్చాయి. ఆవిడ ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చుంటే లిఫ్టు అవసరం లేకుండానే పైకి పోయేవాణ్ణి.

ఆవిడ పేరు అండాలమ్మ. అరవై దాటిన మనిషి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆ రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్నారు. వరండా ఊడుస్తూ బెల్ విన్నారట. అంతకుముందు ఒకరి ముఖం ఒకరం చూసినవాళ్లం కాదు. నాతో పనిచేసే ఖలీల్ నంబరు చెబితే తన బటన్ ఫోనులో కలిపారు. అతను మూసారాంబాగ్‌లో ఉన్నాడు, ముప్పావు గంట పడుతుందన్నాడు. ఇక ఆవిడ వెళ్లిపోతారనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, తలుపుకు దూరంగా, నాకు కనిపించేలా కూర్చున్నారు.

"మొఖం సున్నమేసినట్టయింది. పిల్లలెందరు తమ్మీ?"

"ఇద్దరమ్మా."

"పేర్లు జెప్పు. ఊపిరి దీస్కుంట మెల్లగ జెప్పు."

పేర్లు చెప్పాను. చదువులు చెప్పాను. నా దగ్గర మాటలయిపోయాక ఆవిడ అందుకున్నారు. ఆడబిడ్డ పెండ్లికని పట్టుకుపోయిన ఇత్తడి బిందెకు బదులు సొట్టబిందె తెచ్చిచ్చిన వైనం, దాని మీద జరిగిన పంచాయితీ. మధ్యలో మాడువాసన వచ్చింది.

"అమ్మా, మీ కూర..."

"మాడనియ్. కూర మల్ల ఒండుకుంట. నిన్ను మల్ల ఒండుతరా?"

అయినా లేచి వెళ్లి స్టవ్ కట్టేశారు. వెళ్లివచ్చేదాకా కూడా మాట ఆపలేదు. నాకు వినబడాలని గోడవతల నుంచి గొంతు పెంచి చెబుతూనే ఉన్నారు. నన్ను బయటికి తెచ్చింది ఖలీలే కావచ్చు, కానీ నా ఊపిరి దారిలో పడింది ఆ గోడవతల గొంతు విన్నప్పుడే.

ఖలీల్ వచ్చి, మెషిన్ బ్రేకు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టును అంతస్తుకు దించాడు.

"ఏఆర్‌డీ ఎందుకు పని చేయలే ఉస్తాద్? బ్యాటరీలేవి?"

"ఇగో, నేనే కావలి కాస్తున్న," అన్నాను.

మర్నాడు పండ్లు తీసుకెళ్లాను. అండాలమ్మ తీసుకోలేదు. "నేనేం జేసిన? కూసోని ముచ్చట జెప్పిన, గంతే. దానికి పండ్లా?" అని, ఆ సంచిలోనే నాలుగు సర్వపిండి ముక్కలు పెట్టి తిప్పి పంపారు. ఇవ్వబోయిన చోట పుచ్చుకుని రావడం నాకు చిన్నతనంగా అనిపించింది. ఎప్పటికైనా పగ తీర్చుకోవాలనుకున్నాను.

ఆ రోజు నుంచి నా పని తీరు మారింది. అంతకుముందు ఎవరైనా ఇరుక్కుంటే సైట్‌కు వెళ్లగానే మాట్లాడకుండా టెర్రస్ ఎక్కేవాణ్ణి. లోపలున్నవాళ్లకు చీకట్లో ఇనుప చప్పుళ్లు తప్ప ఏమీ వినిపించవన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు ముందు తలుపు దగ్గర ఆగి పేరు అడుగుతాను, నా పేరు చెబుతాను, ఏ చప్పుడొస్తే భయపడక్కర్లేదో చెబుతాను. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఏఆర్‌డీలో ఉండదు.

మొన్నామధ్య దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒక అమ్మాయి ఇరుక్కుంది. ఫోన్లో ఏడుస్తోంది, తలుపు లాగుతున్నానంటోంది. నేనేమో గడ్డిఅన్నారం దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను. తలుపు ముట్టుకోవద్దని చెప్పి, అండాలమ్మకు ఫోన్ చేసి ఆ అమ్మాయి నంబరిచ్చాను.

"నేనేం మాట్లాడాలె పోరితోని?"

"నాతోని మాట్లాడినట్టే మాట్లాడమ్మా. చీపురొద్దు, గంతే."

నేను చేరేసరికి లోపలి నుంచి ఏడుపు కాదు, నవ్వు వినిపించింది. పేరు చెప్పాను. "అన్నా, జర రెండు నిమిషాలు ఆగవా? అమ్మమ్మ ముచ్చట అయిపోలే," అంది ఆ అమ్మాయి. హాయిగా మెట్ల మీద కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను దూరాన ఉండి ఎవరైనా బెదిరిపోతే ఆ నంబరు అండాలమ్మకే వెళుతుంది. "జీతం లేని నౌకరీల పెట్టినవ్ గదరా" అని తిడతారు. పండ్లు వద్దన్నందుకు అదే శిక్షమ్మా అంటాను.

నిన్న ఆవిడే ఫోన్ చేశారు.

"ఏం తమ్మీ, వారమాయె. ఎవ్వరు ఇరుక్కుంటలేరా?"