పైకి చేసిన ప్రార్థన

సూది బాబాయిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. చొక్కా కాలరుకి ఎప్పుడూ ఒక మిషన్ సూది గుచ్చి ఉండేది, అందుకే ఆ పేరు. కుట్టు మిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. దారం తెంపినా, కుట్టు వదిలేసినా, పెడల్ తొక్కితే గోల పెట్టినా, దర్జీలు మిషన్ని మోసుకుని నేరుగా వీధి మూలన ఉన్న ఆయన గదికే వచ్చేవాళ్లు.

మెట్ల కింద గది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిందే. కానీ రెండు గోడలకీ కిటికీలున్నాయి, ఎడమ పక్క నుంచి వెలుతురు వచ్చి సరిగ్గా సూది మీద పడేది. సూది కిందికి దిగి మళ్లీ లేవబోయే క్షణంలో అడుగున కొక్కెం వచ్చి దారాన్ని అందుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు పడదు. ఆ వెంట్రుకవాసి కంటికి ఆనాలంటే ఆ వెలుతురు కావాలి. ట్యూబులైటు పెట్టుకోవచ్చుగా అని సలహా ఇచ్చినవాళ్లని బాబాయి ఎగాదిగా చూసి ఊరుకునేవాడు.

గది సొంతం కాదు, అద్దెది. ఇంటావిడ రిటైరైన టీచరమ్మ. ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఇల్లు అమ్మేసి మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నానయ్యా. పై వాటాలు బేరం కుదిరిపోయాయి. ఈ గది మాత్రం నీకే ముందు చెబుతున్నా. నువ్వు సరేనంటే ఇంకెవరికీ చెప్పను."

బుర్ర ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు? చేతిలో ఉన్నదేదో అక్కడికక్కడే ఆవిడ చేతిలో పెట్టి మాట ఖాయం చేసుకుంటాడు. మన బాబాయి స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ప్రార్థన చేసుకుని చెబుతానమ్మా" అన్నాడు. ఆవిడ మంచిది కాబట్టి సరే, ఒక వారం ఆగుతానంది.

ఇంటికొచ్చి చెబితే పిన్ని నెత్తి కొట్టుకుంది.

"ముందు వెళ్లి బయానా ఇచ్చి రండి. వచ్చాక మోకాళ్లు అరిగేదాకా ప్రార్థన చేసుకోండి. దేవుడేమీ అనుకోడు."

"అలా కాదే. అప్పు చెయ్యాలి కదా. అది నిజంగా అవసరమో, ఈ వయసులో నాకు ఆస్తి మీద ఆశ పుట్టిందో నాకే తెలియట్లేదు. అడగనీ ఆయన్ని."

"ఆయన చెప్పేలోపు ఎవరో ఎగరేసుకుపోతారు."

"ఆయన మనకివ్వాలనుకున్నది ఎవరు ఎగరేసుకుపోతారే?"

ఈ మాట బాబాయి పిన్ని నోరు మూయించడానికి అనలేదు. నమ్మే అన్నాడు. అదే నాకు కడుపు మండే సంగతి.

వాళ్ల చర్చి సంఘంలో శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం ఉంటుంది. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ అవసరం పైకి చెప్పాలి, పక్కన కూర్చున్నవాళ్లు దానికోసం ప్రార్థించాలి. ఎవరికోసం వాళ్లు అడుక్కోకుండా ఒకరికోసం ఒకరు అడగడం వాళ్ల పద్ధతి. మంచి పద్ధతే, నేను కాదనను. దాపరికం ఉండకూడదు కాబట్టి జబ్బయినా, అప్పయినా, మొగుడూపెళ్లాల గొడవయినా ఆ చాప మీద పెట్టాల్సిందే.

ఆ శుక్రవారం బాబాయి పక్కన కూర్చున్నవాడు కట్‌పీసుల తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు, అంతకంటే ఎక్కువ. ఒకప్పుడు మూట భుజాన వేసుకుని ఆ వీధి అంచున కట్‌పీసులు పరుచుకుని అమ్మేవాడు. వానొస్తే మూట బాబాయి గదిలోనే ఉండేది. సంఘానికి తీసుకెళ్లింది బాబాయే. కళ్లు మూసుకుని ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు నమిలితే, "మీ నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడరా" అని నేర్పింది కూడా బాబాయే. ఇప్పుడు అతనికి రెండు బట్టల కొట్లు. ప్రార్థన మొదలుపెడితే ఆపడం పాస్టరుగారి వల్ల కూడా కాదు.

బాబాయి తన అవసరం చెప్పాడు. ఏ గదో, టీచరమ్మ ఎంత అడుగుతోందో, ఎప్పటిదాకా ఆగుతానందో, దేవుడికి అడ్రసు తెలియదన్నట్టు పూసగుచ్చినట్టు చెప్పాడు. తమ్ముడు కళ్లు మూసుకుని చెయ్యి బాబాయి భుజం మీద వేశాడు.

"ప్రభువా, ఆ గది నీ చిత్తంలో ఎవరికి ఉందో వాళ్లకే దక్కేలా చెయ్యి."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది బాబాయే.

తిరిగొస్తుంటే పిన్ని అంది, "మీ తమ్ముడు మీ పేరెత్తలేదు, చూశారా?"

"నా పేరు దేవుడికి తెలియదా? నీకన్నీ అనుమానాలే."

నాలుగు రోజులు ఆలోచించాక బాబాయి మనసు కుదుటపడింది. పని చేసుకునే చోటు కోరుకోవడం దురాశ కాదనిపించింది. బయానా కవర్లో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఆ కవరు చూసి తెల్లబోయింది.

"అదేంటయ్యా, నీకు వద్దన్నావటగా? మీ తమ్ముడు శనివారమే వచ్చాడు. 'అన్నకి అప్పు చెయ్యడం ఇష్టం లేదమ్మా, ప్రార్థనలో చెప్పాడు, నన్ను తీసుకోమన్నాడు' అన్నాడు. మీరిద్దరూ కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లు కదా, అబద్ధమెందుకు చెబుతాడనుకున్నా. కాగితాలు కూడా అయిపోయాయి."

బాబాయి కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, థాంక్సమ్మా అని వచ్చేశాడు. కోపం రావడానికి కూడా కొంచెం టైము పట్టింది ఆయనకి.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. ఆదివారం ఆరాధనలో తమ్ముడు లేచి సాక్ష్యం చెప్పాడు. అడగకుండానే దేవుడు తనకి తలుపు తెరిచాడట. ముందు తన రాజ్యాన్ని వెతికినవాళ్లకి ఆయన అన్నీ ఇస్తాడట. కొత్త కొట్టు మొదటి రాబడి సంఘం పైకప్పుకి ఇస్తానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. బాబాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారిని పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పాడు. ఆయన "ఈ లోకపు ఆస్తుల మీద మనసు పెట్టుకోకూడదు బ్రదర్. క్షమించెయ్యండి" అన్నారు.

"ఆ మాట పోగొట్టుకున్నవాడికే చెబుతారేమండీ? పట్టుకుపోయినవాడికి చెప్పరా?"

పాస్టరుగారు ఎవరో గుర్తొచ్చినట్టు అటు వెళ్లిపోయారు. పైకప్పు కారుతున్న మాట నిజమే పాపం.

గది ఖాళీ చేసే రోజు తమ్ముడు కూలీలని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎడమ పక్క కిటికీ మూసేసి గోడంతా అరలు కొట్టిస్తాడట. బాబాయి చిన్న చిన్న స్క్రూలని డబ్బాల్లోకి సర్దుకుంటున్నాడు. తమ్ముడు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మనసులో ఏమీ పెట్టుకోకన్నా. దేవుడు వద్దనుకుంటే నాకు దక్కేదా చెప్పు?"

"టీచరమ్మకి నాకు వద్దని చెప్పింది దేవుడా, నువ్వా?"

తమ్ముడు చేతికి దొరికిన స్క్రూ ఒకటి అటూ ఇటూ తిప్పాడు.

"నీకు ఇంతకంటే మంచి గది దొరుకుతుందన్నా. ఈ శుక్రవారం కూటంలో నీకోసం నేనే ప్రార్థిస్తా."

బాబాయి ఆ స్క్రూ అతని చేతిలోంచి తీసుకుని డబ్బాలో వేశాడు.

"వద్దు తమ్ముడూ. దేవుడి దగ్గర నా సంగతి ఇక నువ్వెత్తకు."

గొంతు పెంచకుండానే అన్నాడు. కూలీలు మాత్రం చేతిలో పని ఆపి చూశారు.

ఇప్పుడు బాబాయి ఇంటి వెనక వరండాలో పని చేసుకుంటున్నాడు. వెలుతురు వీపు వైపు నుంచి వస్తుంది, తన నీడే మిషన్ మీద పడుతుంది. దర్జీలు వస్తూనే ఉన్నారు. గది పోయినందుకు బాధ ఉంది కానీ, దానికి అలవాటు పడొచ్చు. పిన్నిని భయపెట్టింది ఇంకొకటి.

ఆ ఇంట్లో భోజనం ముందు ప్రార్థన బాబాయిదే. గట్టిగా చేసేవాడు. ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాలేదో, ఏది నిండుకుందో పక్కింటివాళ్లకి దాంతోనే తెలిసిపోయేది. వరండాలో పని మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం పిన్ని కంచాలు పెట్టి, తల మీద కొంగు కప్పుకుని ఎదురు చూసింది. ఎంతకీ మాట వినిపించలేదు. కళ్లు తెరిచి చూస్తే బాబాయి పెదవులు మాత్రం కదులుతున్నాయి. అన్నం చల్లారేదాకా కదిలాయి.

"ఏం అడిగారు?" అంది పిన్ని.

బాబాయి లేచి వెళ్లి వీధి తలుపు గడియ వేశాడు. కిటికీ రెక్క కూడా దగ్గరికి లాగాడు. వచ్చి కూర్చుని, కట్టుకున్న పెళ్లాం ముఖంలోకి కాసేపు చూశాడు.

"ఏం లేదులే, తిను" అన్నాడు.